సవరణ: చీలమండ ఆపరేషన్‌లో రోబో

చీలమండ కీలు మార్పిడిని ఇప్పుడు రోబోలే చేస్తున్నాయని మొన్న రాశాను. అది తప్పు. మోకాలు, తుంటి గురించి చదివింది చీలమండకూ వర్తిస్తుందనుకున్నాను.

ఆర్థోపెడిక్ పత్రికల్లోని సమీక్షా వ్యాసాలు చూశాక అసలు విషయం తెలిసింది. మోకాలు, తుంటి మార్పిడుల్లో రోబో చేయి బాగానే వాడుకలో ఉంది. అక్కడ కూడా చాలా యంత్రాల్లో రంపం నడిపేది సర్జనే. ముందే గీసుకున్న హద్దు దాటకుండా యంత్రం ఆపుతుంది, అంతే. పాదం, చీలమండల్లో మాత్రం ఆ వాడకం ఇంకా తొలి దశలోనే ఉంది. ఒక్క పాదంలోనే 26 ఎముకలు, చాలావరకు చిన్నవి. చీలమండ మార్పిడిలో ఎక్కువగా కనిపించేవి సీటీ స్కాన్ చూసి ఆ రోగి ఎముకకు సరిపడేలా చేసిన కటింగ్ గైడ్‌లు, అంటే ఎముకను ఎక్కడ కోయాలో రంపానికి దారి చూపే అచ్చులు. అవి రోబోలు కావు. నేను పొరబడింది అక్కడే.

ఆపరేషన్ టెన్షన్‌లో ఉన్నవాళ్లు నా పాత మాట నమ్మి రోబో కోసం వెతకొద్దు. మీకు ఆపరేషన్ చేసే సర్జన్ ఇప్పటివరకు ఎన్ని చీలమండ ఆపరేషన్లు చేశారో అడగండి.