కాపురానికి డిక్రీ

రోడ్లు వేయలేదు, నీళ్లివ్వలేదు అని సర్కారును తిట్టేవాళ్లు ఒక మేలు మరిచిపోతున్నారు. 1955 నుంచి అది అడిగినవాళ్లకు కాపురం మంజూరు చేస్తోంది. హిందూ వివాహ చట్టం సెక్షన్ 9, దాంపత్య హక్కుల పునరుద్ధరణ. భార్య పుట్టింటికి వెళ్లి తిరిగి రాలేదా? బతిమాలనక్కర్లేదు, పెద్దమనుషులకు కాఫీలు పోయనక్కర్లేదు. కోర్టులో పిటిషన్ వేస్తే చాలు. ఆమె వెళ్లడానికి తగిన కారణం లేదని జడ్జిగారికి తోస్తే, వచ్చి కాపురం చేయమని డిక్రీ ఇస్తారు. ఆమెకు మనసుందా లేదా అన్నది విచారణాంశాల్లో ఉండదు. ఉంటే కేసులు తెమలవు.

ఈ సదుపాయాన్ని స్త్రీవాదులు దశాబ్దాలుగా ఆడిపోసుకుంటున్నారు. వాళ్ల నోరు మూయించాలంటే దీని పనితీరు వివరంగా తెలియాలి.

మొదట వకీలు చేత నోటీసు. నోటీసుల సాహిత్యంలో భర్తలందరూ ఓర్పుకు, అనురాగానికి ప్రతిరూపాలు. భార్యలందరూ ‘ఎలాంటి కారణం లేకుండా, తల్లిదండ్రుల దుర్బోధలు విని’ నగలు సర్దుకుని వెళ్లిపోయినవాళ్లు. తర్వాత పిటిషన్. పెళ్లి జరిగిన ఊళ్లో గాని, చివరిసారి ఇద్దరూ కలిసి ఉన్న ఊళ్లో గాని వేసుకోవచ్చు. ఆ ఊరు అత్తారి ఊరే అయితే మరీ సుఖం. ఆమె ప్రతి వాయిదాకూ బస్సెక్కి రావాలి, లేదా కేసు బదిలీ చేయమని పైకోర్టులో ఇంకో పిటిషన్ వేసుకోవాలి. చంటిపిల్లతోనో, సెలవు దొరకకో, రెండు వాయిదాలు తప్పిందంటే ఎక్స్ పార్టీ డిక్రీ, అంటే ఆమె మాట వినకుండానే తీర్పు. ఇంత నిశ్శబ్దంగా కుదిరే సంబంధం పెళ్లిళ్ల పేరయ్య కూడా తేలేడు.

కారణం రుజువు చేసే భారం ఎవరిది? వెళ్లిన మనిషిదే. 1976లో సెక్షన్ కింద వివరణ చేర్చి మరీ స్పష్టం చేశారు. ఉన్న మనిషి ఎలా ఉన్నాడన్నది అతను చెప్పుకోనక్కర్లేదు, వెళ్లిన మనిషి ఎందుకు వెళ్లిందో కాగితాలు చూపాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. దెబ్బ తగిలిన రోజున, బయటికి తెలిస్తే పరువు పోతుందని, ఆస్పత్రి చీటీలో ‘బాత్రూంలో జారిపడ్డాను’ అని రాయించుకుంటుంది. నాలుగేళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ చీటీ ఆమెకే ఎదురు తిరుగుతుంది. కుటుంబ పరువు కోసం ఆడిన అబద్ధం కుటుంబ న్యాయస్థానంలో భర్తకు సాక్ష్యంగా అక్కరకొస్తుంది. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలని పెద్దలు ఊరికే అన్నారా?

పిటిషన్ వేయడానికి శుభముహూర్తం ఏదంటే, ఆమె భరణం కేసు సమన్లు చేతికందిన వారం. అప్పటిదాకా రెండేళ్లు ఫోను చేయని మగాడిలో హఠాత్తుగా విరహం పుట్టుకొస్తుంది. దానికి కారణం శాస్త్రీయం: తగిన కారణం లేకుండా భర్తతో ఉండనన్న భార్యకు భరణం రాదని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 125లోనే ఉంది, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది సెక్షన్ 144లోకి మారింది. సెక్షన్ 9 డిక్రీ చేతిలో ఉంటే ‘నేను రమ్మన్నాను, రాలేదు’ అనడానికి రాజముద్ర ఉన్నట్టే. ఈ చక్కటి ఏర్పాటుకు సుప్రీంకోర్టు 2025 జనవరిలో కొంచెం అడ్డు తగిలింది. డిక్రీ ఉన్నంత మాత్రాన భరణం దానంతటదే పోదని చెప్పింది. ఆ కేసులో భార్య చెప్పుకున్న కారణాల్లో ఒకటి, అత్తింట్లో మరుగుదొడ్డి వాడనివ్వలేదని. దాంపత్య హక్కుల్లో మరుగుదొడ్డి హక్కు కలుస్తుందా అన్న సందేహం ఎవరికైనా రావచ్చు. చట్టం దాని గురించి ఏమీ అనలేదు.

ఉద్యోగం చేసే భార్యల సంగతీ చట్టం మరువలేదు. 1970ల్లో పంజాబ్, హర్యానా హైకోర్టు ఫుల్ బెంచ్ ముందుకు ఒక టీచరమ్మ కేసు వచ్చింది. ఆమె వేరే ఊళ్లో పనిచేస్తోంది, మానేసి రమ్మంటాడు భర్త. కాపురం ఎక్కడ పెట్టాలో తేల్చే హక్కు భర్తదేనని, అతని ఇష్టానికి విరుద్ధంగా దూరంగా ఉద్యోగం చేయడమంటే సాహచర్యం మానుకున్నట్టేనని బెంచి తేల్చింది. 1978లో ఢిల్లీ హైకోర్టు ఇంకో టీచరమ్మ విషయంలో, భర్త ఉన్న చోటే భార్య ఉండి తీరాలన్న నియమం ఏదీ లేదంది. అంటే అప్పట్లో మన దేశంలో భార్య కాపురం ఎక్కడ చేయాలన్నది ఆమె ఏ హైకోర్టు పరిధిలో ఉందో దాన్ని బట్టి ఉండేది. మనువు కూడా ఇంత సూక్ష్మంగా ఆలోచించలేదు.

ఇంతకీ డిక్రీ వచ్చాక ఆమె రాకపోతే? ఏడాది ఆగాలి. ఏడాదిపాటు కాపురం మళ్లీ మొదలవకపోతే, అదే చట్టం సెక్షన్ 13(1ఎ) కింద ఇద్దరిలో ఎవరైనా విడాకులు అడగొచ్చు. కలిపే డిక్రీయే విడగొట్టే డిక్రీకి మొదటి మెట్టు. క్రూరత్వమో వ్యభిచారమో రుజువు చేసే శ్రమ లేకుండా, ప్రేమను నిరూపించుకుని విడిపోవచ్చు. ఈ దారి ఎంత సాఫీగా ఉంటుందో సరోజ్ రాణి కేసులో చూడొచ్చు. వెళ్లగొట్టబడ్డ భార్య 1977లో సెక్షన్ 9 వేసింది. భర్త కోర్టులో నిలబడి సరే, ఒప్పుకుంటున్నానన్నాడు. డిక్రీ ఇచ్చేశారు. ఏడాది దాటగానే కాపురం జరగలేదు గనక విడాకులిప్పించండి అని అతనే వచ్చాడు. డిక్రీ తర్వాత నన్ను తీసుకెళ్లి రెండు రోజులకే గెంటేశాడని ఆమె మొత్తుకుంది. సుప్రీంకోర్టు 1984లో విడాకులు ఖాయం చేసింది. అదే తీర్పులో సెక్షన్ 9 రాజ్యాంగబద్ధమేనని, వివాహాలు కూలిపోకుండా ఆపే సాంఘిక ప్రయోజనం దానికుందని కూడా రాసింది. ఆ ప్రయోజనం ఆ కేసులో ఎంత నెరవేరిందో ఆ తీర్పు చివరి పేజీలోనే ఉంది.

సెక్షన్ 9 తీసేస్తే భారతీయ సంస్కృతి ఏమైపోతుందని కలత చెందేవాళ్ల కోసం కాస్త వంశవృక్షం. ఇది ధర్మశాస్త్రాల్లోంచి రాలేదు. ఇంగ్లండు చర్చి కోర్టుల్లోంచి ఓడెక్కి వచ్చింది. 1867లో ప్రీవీ కౌన్సిల్, అంటే లండన్‌లోని అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు, ఒక ముస్లిం దంపతుల వ్యాజ్యంలో దీనికి ద్వారం తెరిచింది. పదకొండేళ్లకు పెళ్లయిన రుఖ్మాబాయి, పెద్దదయ్యాక భర్త దగ్గరికి వెళ్లనంటే, 1885లో బొంబాయిలో జస్టిస్ పిన్హే ఆమె పక్షాన తీర్పు చెబుతూ ఇది ఇంగ్లండు నుంచి తెచ్చి ఇక్కడ నాటిన మొక్క అనే అన్నాడు. ఇష్టం లేని మనిషి దగ్గరికి ఒక ఆడపిల్లను బలవంతాన పంపడం అనాగరికమనీ అన్నాడు. పైబెంచి ఒప్పుకోలేదు. 1887 మార్చిలో నెల్లోగా కాపురానికి వెళ్లు, లేకపోతే ఆరు నెలలు జైలు అన్నారు. జైలుకే వెళ్తానంది ఆమె. తిలక్ వంటి దేశభక్తులకు ఇది నచ్చలేదు. హిందూ ధర్మాన్ని రక్షించడానికి వాళ్లు ఇంగ్లిషు చర్చివారి హక్కు కోసం పోరాడారు. చివరికి 1888లో రెండు వేల రూపాయలకు రాజీ కుదిరింది, ఆమె లండన్ వెళ్లి వైద్యం చదివి డాక్టరై తిరిగొచ్చింది. వెళ్లని భార్యను జైల్లో పెట్టడం ఇక్కడ 1923లో మానేశారు. ఎగుమతి చేసిన ఇంగ్లండు 1970లో చట్టం చేసి హక్కునే ఎత్తేసింది. మనం మాత్రం దాన్ని సనాతనంగా భద్రపరుచుకున్నాం.

మధ్యలో ఒకే ఒక్కసారి ప్రమాదం జరిగింది, అదీ మన హైకోర్టులోనే. కడప కోర్టుకు ఈ కేసు వినే అధికారం ఉందా లేదా అన్న చిన్న ప్రశ్నతో 1983లో సినీనటి సరిత కేసు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్తే, జస్టిస్ పి.ఎ. చౌదరి సెక్షన్ 9నే కొట్టేశారు. పడక విషయంలో ఎంపిక మనిషి చేతిలోంచి రాజ్యం చేతిలోకి పోతోందన్నారు. ఎప్పుడు, ఎలా తన దేహం ఇంకో ప్రాణికి వాహకం కావాలో తేల్చుకునే హక్కు స్త్రీదేనన్నారు. కాగితం మీద సెక్షన్ ఇద్దరికీ సమానమే గాని, గర్భం మోసేది ఒక్కరే అన్న చిన్న తేడాను కూడా లెక్కలోకి తీసుకున్నారు. చట్టం చదవమంటే శరీరశాస్త్రం చదివారన్నమాట.

ఢిల్లీ హైకోర్టు కొద్ది నెలల్లోనే ఆ నష్టాన్ని పూడ్చింది. ఇంట్లోకి రాజ్యాంగాన్ని తేవడమంటే పింగాణీ దుకాణంలోకి ఎద్దును తోలడమేనంది. ఇంటి ఏకాంతంలో సమానత్వపు 14వ అధికరణానికి, జీవించే స్వేచ్ఛనిచ్చే 21వ అధికరణానికి చోటు లేదంది. సుప్రీంకోర్టు కూడా చౌదరి గారి తీర్పును కాదంది. ఈ సూత్రం అర్థమైతే కుటుంబ చట్టం మొత్తం అరచేతిలోకి వచ్చినట్టే. ఇల్లు ప్రైవేటు స్థలం, రాజ్యం తొంగి చూడకూడదు. కాబట్టి భార్య రాజ్యాంగాన్ని పట్టుకుని లోపలికొస్తే తలుపు వేయాలి. భర్త అదే రాజ్యం దగ్గర డిక్రీ పట్టుకుని లోపలికొస్తే తలుపు తీయాలి. వ్యక్తిగతమంతా రాజకీయమే అన్న స్త్రీవాదుల నినాదం అతి అని విసుక్కునేవాళ్లు గమనించాలి: ఇక్కడ వాళ్లకంటే ముందే ఆ పని చేసింది జిల్లా కోర్టు.

ఈ తలుపుకు గడప ఎక్కడుందో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొరుకుతుంది. విడిగా ఉంటున్న భార్యను ఆమె సమ్మతి లేకుండా భర్త లైంగికంగా కలిస్తే సెక్షన్ 67 కింద రెండేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. అదే భార్య కలిసి ఉంటే, ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండి ఉంటే, అది అత్యాచారం కాదని సెక్షన్ 63 రెండో మినహాయింపు. అంటే ‘వద్దు’ అన్న మాటకు పుట్టింట్లో విలువ ఏడేళ్లు, అత్తింట్లో సున్నా. సెక్షన్ 9 డిక్రీ చేసే పని ఆమెను మొదటి ఇంటి నుంచి రెండో ఇంటికి మార్చమనడం. ఇందులో రాజ్యం ఎవరినీ బలవంతం చేయదు, చిరునామా మార్చుకోమంటుంది, అంతే. ఈ మినహాయింపు తాత గారు, పదిహేడో శతాబ్దపు ఇంగ్లిషు జడ్జి మాథ్యూ హేల్. ఇంగ్లండు 1991లో ఆయనకు సెలవిచ్చింది. 2022లో ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు జడ్జిలు చెరో మాట అన్నారు. 2024 అక్టోబరులో కేంద్రం, దీన్ని అత్యాచారం అనడం మరీ కఠినమని సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది. ఎవరికి కఠినమో అడగడం మర్యాద కాదు.

పెళ్లి ఒప్పందమే కదా, ఒప్పందాలు అమలు చేస్తే తప్పేమిటి అనే వకీళ్లున్నారు. వాళ్లు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 14 పక్కకు రాకుండా జాగ్రత్తపడాలి. మనిషి స్వంత నైపుణ్యం మీద ఆధారపడ్డ పనిని కోర్టు బలవంతాన చేయించదని అందులో ఉంది. బొమ్మ వేస్తానని అడ్వాన్సు తీసుకున్న చిత్రకారుడు వేయనంటే నష్టపరిహారం ఇప్పిస్తారు గాని కుంచె చేతికివ్వరు. జీతానికి వంట చేసే మనిషి మానేస్తే వెనక్కి రమ్మని డిక్రీ రాదు. జీతం లేకుండా చేసే మనిషి మానేస్తే వస్తుంది. పెళ్లి అనే ఒప్పందం మిగతావాటి లాంటిది కాదని, స్త్రీ దేహం మీద పురుషుడి హక్కును ముందే ఖాయం చేసి పెడుతుందని స్త్రీవాద రాజకీయ సిద్ధాంతవేత్త క్యారొల్ పేట్‌మన్ 1988లో ఒక పుస్తకమంతా రాసింది. సెక్షన్ 9, సెక్షన్ 14 పక్కపక్కన పెట్టి చదివితే అంత శ్రమ తప్పేది.

భార్యలు కూడా సెక్షన్ 9 వేస్తారుగా అని ఎదురు వాదించొచ్చు. వేస్తారు. విచారణ నడిచినంత కాలం హిందూ వివాహ చట్టం సెక్షన్ 24 కింద మధ్యంతర భరణం అడగొచ్చు గనక వేస్తారు. ఆమె ఆ సెక్షన్‌లో వెతికేది అన్నం.

చివరిగా అమలు. డిక్రీ వచ్చాక ఈపీ, అంటే దాన్ని అమలు చేయమనే పిటిషన్, వేయాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఇరవై ఒకటో ఆర్డర్, ముప్పై రెండో రూలు. ఇక్కడ భార్యకు కొత్త పేరు వస్తుంది: జడ్జిమెంట్ డెటార్, తీర్పు రుణగ్రస్తురాలు. రుణం ఏమిటో రూలులో రాయలేదు, అందరికీ తెలుసు. ఆమెను ఎత్తుకురాలేరు, జైల్లో పెట్టలేరు, ఆస్తి మాత్రం జప్తు చేయొచ్చు. అందుకే ఇది బలవంతం కాదు, ప్రోత్సాహం మాత్రమేనని సుప్రీంకోర్టు అంది. ఆరు నెలలు జప్తులో ఉన్నా ఆమె రాకపోతే వేలానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

అయితే జప్తు చేసే కోర్టు ఉద్యోగి అమీనాను వెంటబెట్టుకుని వెళ్లేముందు అదే కోడ్‌లో సెక్షన్ 60 చూసుకోవాలి, లేకపోతే ఖర్చు దండగ. ఆమె బ్యాంకు డిపాజిట్, స్కూటీ, తండ్రి రాసిచ్చిన అరెకరం జప్తు చేయొచ్చు. వంట గిన్నెలు, మంచం పరుపులు, ఆచారం ప్రకారం ఆడమనిషి ఒంటి మీంచి తీయకూడని తాళి లాంటి నగ, వీటి జోలికి పోకూడదు. అవి ఆమెకే వదిలేయాలి.