ఎవరి డబ్బుతో తేల్చారు?

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. ఒక అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి చేపట్టిన ప్రాజెక్టు అది. టీకాలను తయారీ కంపెనీయే ఉచితంగా ఇచ్చింది. పిల్లల్లో చాలామంది గిరిజన హాస్టళ్లవారు. అనేకచోట్ల అనుమతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. కొన్ని మరణాల వార్తలతో గగ్గోలు పుట్టి, 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ ప్రాజెక్టును నిలిపివేసింది. మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ కమిటీ తేల్చింది.

ఆ మాట నిజమే కావచ్చు. ఈ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకుంటుందనడంలోనూ మాకు సందేహం లేదు. కానీ విచారణ జరిపినవారిలోనే విరుద్ధ ప్రయోజనాల సమస్య, అంటే తేల్చాల్సిన విషయంలో సొంత లాభం ముడిపడి ఉండటం, ఉందని 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం తన 72వ నివేదికలో ఎత్తిచూపింది. ఆ తర్వాత భద్రాచలం మన్యంలో ఒక తల్లికి ‘టీకా మంచిదే’ అని ఎవరు చెప్పగలరు? నిజం చెప్పినా నమ్మని పరిస్థితి తెచ్చుకున్నది మనమే.

డబ్బు తీసుకున్న ప్రతి శాస్త్రవేత్తా అబద్ధం రాస్తాడని ఎవరూ అనరు. అసలు చిక్కు అబద్ధంతో కాదు, దేన్ని వెతకాలి, దేన్ని వదిలేయాలి అన్న ఎంపికతో. అమెరికాలో చక్కెర పరిశ్రమ 1960లలో హార్వర్డ్ పరిశోధకులకు సుమారు 6,500 డాలర్లు ఇచ్చింది. 1967లో వచ్చిన వారి సమీక్ష గుండెజబ్బుల నేరాన్ని కొవ్వుపైకి నెట్టి చక్కెరను పక్కన పెట్టింది. డబ్బు సంగతి అందులో లేదు. అప్పట్లో చెప్పాలన్న నిబంధనా లేదనుకోండి. పాత ఉత్తరాల్లోంచి ఈ వ్యవహారం బయటపడేసరికి 2016 వచ్చింది. ఉప్పు తిన్న విశ్వాసం గురించి విన్నాం, చక్కెరకూ ఉంటుందన్నమాట.

హైదరాబాద్‌కు ఇది పరాయి గొడవ కాదు. దేశం ఏం తినాలో చెప్పే జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది. జీనోమ్ వ్యాలీలో టీకాలు తయారవుతున్నాయి. నగరంలోని ఆస్పత్రుల్లో క్లినికల్ ట్రయల్స్ (కొత్త మందులను మనుషులపై పరీక్షించడం) జరుగుతున్నాయి. 2019 నిబంధనల ప్రకారం ట్రయల్‌కు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది బయటివారై ఉండాలి, సొంత లాభం ముడిపడిన సభ్యుడు తప్పుకోవాలి. కాగితం మీద బాగానే ఉంది. తప్పుకున్నాడో లేదో ట్రయల్‌లో చేరిన మనిషికి తెలిసే దారేది? ఆ సంతకం ఫైల్లో ఉంటుంది, ఫైలు బీరువాలో ఉంటుంది. అమెరికాలో మందుల కంపెనీల నుంచి ఏ డాక్టరుకు ఎంత ముట్టిందో పేరు కొట్టి చూసుకునే వెబ్‌సైట్ ఉంది. మన దగ్గర డాక్టర్లకు కానుకలు, విదేశీ యాత్రలు ఇవ్వొద్దంటూ కంపెనీలకు 2024 మార్చిలో ప్రవర్తనా నియమావళి తెచ్చారు. పేరు కొట్టి చూసుకునే వీలు మాత్రం రాలేదు.

దేశమంతటికీ చట్టం ఎప్పుడొస్తుందో చూద్దాం. ఈలోగా రాష్ట్ర ప్రభుత్వం తాను వేసే ప్రతి నిపుణుల కమిటీ సభ్యుల నుంచి గత ఐదేళ్ల నిధులు, కన్సల్టెన్సీ ఫీజులు, షేర్ల వివరాలు తీసుకుని, మొదటి సమావేశానికి ముందే తెలుగులో వెబ్‌సైట్‌లో పెట్టాలి. ట్రయల్ అనుమతి పత్రంలో డబ్బు ఎవరిదో మొదటి పేజీలోనే రాయమని ప్రభుత్వ ఆస్పత్రులను ఆదేశించాలి. ఇందుకు ఢిల్లీ వైపు చూడక్కర్లేదు, ఒక జీవో చాలు.