మాయాబజార్‌లో మాయమైన ఏడు నిమిషాలు

జాతి జీవితంలో పూడ్చుకోలేని నష్టాలు కొన్ని ఉంటాయి. ప్రస్తుతం వాటిలో మొదటిది ‘మాయాబజార్’లోంచి పోయిన ఏడు నిమిషాలు. 1957 మార్చి 27న విడుదలైన ఆ సినిమా నిడివి 184 నిమిషాలు. టీవీలో వచ్చినప్పుడు రికార్డు చేసి, ప్రకటనలు ఏరిపారేసి, గడియారం పెట్టి కొలిస్తే 177 కూడా తేలడం లేదు. కోశారు! ఎవరు కోశారు? ఎందుకు కోశారు? అందులో ఏముంది?

ఏముందన్న విషయంలో పాత సినిమా పండితులు శాఖలుగా చీలిపోయారు. పాండవులు కనిపించే సీను ఉందని ఒక శాఖ. ఆ సినిమాలో పాండవుల గొడవంతా ఉంటుంది గానీ, అయిదుగురిలో ఒక్కడూ తెరమీదికి రాడు. ఇంత సొగసైన పని దర్శకుడు కె.వి.రెడ్డి, రచయిత పింగళి కావాలనే చేశారంటే ఎవరు నమ్ముతారు? తీసే ఉంటారు, తర్వాత ఎవడో కత్తెర వేసి ఉంటాడు. మరో శాఖ అందులో ఒక పాట ఉందంటుంది, పల్లవి మాత్రం చెప్పదు. మూడో శాఖకు అన్నీ తెలుసు, చెబితే పెద్దవాళ్ళ పేర్లు బయటికొస్తాయని ఆగింది.

ఇంత చక్కటి విషాదాన్ని పాడుచెయ్యడానికి ఒక్క భాగహారం చాలు. అందుకే ఆ లెక్క ఇళ్ళలో చిన్నపిల్లల ముందు చెయ్యకూడదు. సినిమా హాల్లో ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు, నడుస్తుంది. మన దూరదర్శన్ పద్ధతి సెకనుకు 25. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడానికి టీవీవాళ్ళు చేసిన సులువైన పని, ఫిల్మునే సెకనుకు 25 చొప్పున తిప్పెయ్యడం. 184ని 24తో హెచ్చవేసి 25తో భాగిస్తే 176.64. తేడా ఏడు నిమిషాల ఇరవై రెండు సెకన్లు. నిమిషానికి 90 అడుగుల లెక్కన సుమారు 662 అడుగుల ఫిల్మ్ కోసిన పాపం, కత్తెర ముట్టని ఎడిటర్ల మెడకు చుట్టుకుంది.

వేగం పెరిగితే శ్రుతి కూడా పెరుగుతుంది. నాలుగు శాతం, అంటే హార్మోనియం మీద ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకు ఉన్న దూరంలో దాదాపు ముప్పాతిక వంతు. టీవీలో విన్న ఘంటసాలకూ, గ్రామఫోను రికార్డులో విన్న ఘంటసాలకూ ఆ తేడా వస్తుంది. దీన్నిబట్టి సినిమాకు ఒకసారి, రికార్డుకు ఒకసారి విడిగా పాడారనీ, రికార్డు నాటికి ఆయనకు జలుబు చేసిందనీ పండితులు తేల్చారు. రికార్డులో ఒక చరణం తక్కువుంటే అదీ జలుబు ఖాతాలోనే పడుతుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పదంగుళాల రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర మాత్రమే అన్న సంగతి వైద్యశాస్త్రానికి సంబంధించింది కాదు గనుక వదిలేశారు.

నిజంగా కోత పడిందో లేదో తెలుసుకోవాలన్న దురద ఎవరికైనా ఉంటే, దానికీ ఒక పద్ధతి ఉంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. 184 నిమిషాలకు పదిహేడు రీళ్ళు. ప్రింటు ఎక్కువగా నలిగేది రీలు మొదట్లోనూ చివర్లోనూ. తెగిన ప్రతిసారీ హాల్లో ప్రొజెక్టర్ నడిపే ఆపరేటర్ ఒకటో రెండో ఫ్రేములు కత్తిరించి అతికిస్తాడు. కాబట్టి పోయిన మాటల కోసం పదకొండు నిమిషాలకోసారి చెవి రిక్కించాలి. ఫిల్మ్ మీద శబ్దం, దానికి సంబంధించిన బొమ్మ కంటే దాదాపు ఇరవై ఫ్రేములు ముందు ముద్రించి ఉంటుంది. అందువల్ల అతుకు దగ్గర ముందు బొమ్మ గెంతుతుంది, మరో ముప్పాతిక సెకను పైచిలుకు గడిచాక ‘టప్’ మని మాట గెంతుతుంది. రెండూ ఒకేసారి గెంతితే అది ఆపరేటర్ పని కాదు, తర్వాత వీడియో మీద ఎవరో కూర్చుని చేసిన పని. ఈ పరీక్షకు ఒకటే ఇబ్బంది: సినిమా చూడాలి.

అసలు కోత గురించి ఎవరికీ బెంగ లేకపోవడం ఈ శాస్త్రంలోని విశేషం. 2010 జనవరి 30న రంగులద్ది విడుదల చేసినప్పుడు ‘భళి భళి భళి దేవా’ పాటనూ, చాలా పద్యాలనూ నిజంగానే తీసేశారు. దాని గురించి కన్నీటిబొట్టు రాలలేదు. ఎందుకంటే అందరూ చీరల రంగుల మీద వాదులాడుకుంటున్నారు.

ఆ వాదం కూడా ఘనమైనదే. శశిరేఖ చీర అసలు ఏ రంగు? కంప్యూటర్ లెక్కలో నిండు ఎరుపును నలుపు తెలుపులోకి మారిస్తే వచ్చే బూడిదరంగు అంకె 76. ఆకుపచ్చను నిండు అంకె 255కి బదులు 130 దగ్గర ఆపి మార్చినా వచ్చేది ఆ 76. అంటే బూడిదరంగు చూసి ఎరుపో పచ్చో చెప్పడం బ్రహ్మతరం కాదు. రంగులు వేసేవాళ్ళు ఆలోచించి ఏదో ఒకటి వేస్తారు. అయినా ‘ఆ చీర కచ్చితంగా చిలకపచ్చే, మా తాతయ్య హాల్లో కళ్ళారా చూశాడు’ అని సాక్ష్యం వస్తుంది. తాతయ్య చూసిందీ నలుపు తెలుపు ప్రింటే కదా అనడం పెద్దలను అగౌరవపరచడం.

పాత చదరపు బొమ్మను కొత్త వెడల్పు టీవీకి సరిపెట్టే విధానాలు రెండున్నాయి. పైనా కిందా కొయ్యడం మొదటిది. ఎత్తులో పావు వంతు పోతుంది, పౌరాణికాల్లో ముందుగా కిరీటాలు పోతాయి. నెమలిపింఛం లేని కృష్ణుణ్ణి చూసి ‘ఆ రోజుల్లో మేకప్ ఎంత సహజంగా ఉండేదో’ అని మెచ్చుకున్నవాళ్ళున్నారు. రెండోది అడ్డంగా సాగదియ్యడం. అందరూ మూడో వంతు లావెక్కుతారు. ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావుకు అది పాత్రోచితమే, చిక్కంతా అభిమన్యుడితో.

ఇక తేదీల సంగతి. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాలపాటు ఉత్సవాలు చేసుకున్నాం. సినీ పరిశోధకుడు రెంటాల జయదేవ పాత కాగితాలు తవ్వి, సెన్సారైందే 1932 జనవరి 22న, బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైంది ఫిబ్రవరి 6న అని చూపించారు. సెన్సారుకు నాలుగు నెలల ముందే సినిమా ఆడించగలగడం తెలుగువాళ్ళకే చెల్లిందన్న గర్వం ఒక్క దెబ్బతో పోయింది. అంతకన్నా పెద్ద బాధ ఇంకోటుంది. ‘భక్త ప్రహ్లాద’ తీసిన హెచ్.ఎం.రెడ్డే తీసిన తొలి తమిళ టాకీ ‘కాళిదాసు’ 1931 అక్టోబరు 31న వచ్చింది. పాత తేదీ ఉంటే మనం తమిళులకంటే ఆరు వారాలు ముందు, కొత్త తేదీతో మూడు నెలలు వెనక. అందుకే చాలామంది ఇప్పటికీ సెప్టెంబరు 15నే శుభాకాంక్షలు పంపుతుంటారు. పైగా ఆ సినిమా ప్రతి ఎక్కడా దొరకదు కాబట్టి, అందులో నటన గురించి మన అభిప్రాయాలు చాలా దృఢంగా ఉంటాయి.

‘శంకరాభరణం’ మీద ఇంత రక్తపాతం అక్కర్లేదు. 1979 సినిమాలకిచ్చే జాతీయ అవార్డు దానికొచ్చింది, విడుదల 1980 ఫిబ్రవరి 2న. సెన్సారు ఏడాదిని బట్టి అవార్డు, హాలును బట్టి వార్షికోత్సవం. 1979 అనేవాడిదీ, 1980 అనేవాడిదీ ఇద్దరిదీ రైటే అని చెప్పి చూడండి, ఇద్దరూ కలిసి మీ మీద పడతారు.

ఎన్టీఆర్ మొట్టమొదట కృష్ణుడి వేషం కట్టింది ‘మాయాబజార్’లోనే అన్నది మరో తిరుగులేని నిజం. ‘సొంత ఊరు’లో 1956లోనే కాసేపు కనిపించాడే అంటే, అది లెక్కలోకి రాదట. శతదినోత్సవాల లెక్కా ఇలాంటిదే. మన నటుడి సినిమా ఒక హాల్లో అరవై, పక్క హాల్లోకి మారి నలభై ఆడితే శతదినోత్సవం. ఎదుటివాడి సినిమా అలాగే ఆడితే షిఫ్టింగ్. నూన్ షో ఒక్కటే ఆడిన రోజులు మన ఖాతాలో రోజులు, ఎదుటివాడి ఖాతాలో కరెంటు బిల్లు.

వీటన్నిటికీ తిరుగులేని ఆధారంగా చివరికి పాటల పుస్తకం బయటికి తీస్తారు. హాలు దగ్గర అణాలకు అమ్మిన ఆ సన్నటి పుస్తకంలో తారాగణం ఉంటుంది, పాటలుంటాయి, సగం కథ ఉంటుంది. విడుదలకు ముందే అచ్చవుతుంది గనుక, ఆఖరి నిమిషంలో తీసేసిన పాట కూడా దర్జాగా అందులో ఉండిపోవచ్చు. ఫొటో తీసి పంపేటప్పుడు మొదటి పేజీ పంపాలి, మధ్య పేజీ పంపాలి. కథ ఆగిపోయే చివరి పేజీని మాత్రం పంపకూడదు. దాని అడుగున ‘తరువాయి వెండితెరపై చూడండి’ అని ఉంటుంది. చూడ్డానికి మూడు గంటలు పడుతుంది, ఆలోగా నలభై అభిప్రాయాలు పంపుకోవచ్చు.