కార్చిచ్చు ఇంట్లోకి ఎలా వస్తుంది?

2018 నవంబరు 8న కాలిఫోర్నియాలోని ప్యారడైజ్ పట్టణం తగలబడింది. 85 మంది చనిపోయారు, 18 వేలకు పైగా కట్టడాలు పోయాయి. తర్వాత తీసిన ఫొటోలు చూస్తే ఒక వింత కనిపిస్తుంది. ఇళ్లు పునాదుల దాకా బూడిదైపోయి ఉంటాయి, పక్కనే పైన్ చెట్లు పచ్చగా నిలబడి ఉంటాయి. అడవి మంటలే మీదపడి ఊరిని మింగేస్తే ముందు మసైపోవాల్సింది ఆ చెట్లే కదా!

మంటకు ఎంతో ముందే నిప్పురవ్వలు గాలికి ఎగిరొచ్చి ఊళ్లో దిగుతాయి. చూరు వెంబడి వాననీళ్లు పోయేందుకు ఉన్న గట్టర్‌లో ఎండుటాకుల మీద ఒకటి పడుతుంది. అటక గాలి కంతలోంచి ఇంకోటి లోపలికి దూరుతుంది. గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా రాజుకుంటుంది. చూస్తుండగానే ఇల్లంతా అంటుకుంటుంది, ఆ వేడికి పక్కిల్లు, దాని పక్కది.

అమెరికా అటవీ సర్వీసులో పనిచేసిన జాక్ కోహెన్ ఈ మాట దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. 1990ల చివర్లో కెనడా అడవుల్లో కావాలనే మంట పెట్టి, ఎదురుగా చెక్క గోడలు నిలబెట్టి పరీక్షించారు. 10 మీటర్ల దూరంలో ఉన్న గోడల్లో కొన్ని అంటుకున్నాయి. 30 మీటర్ల దూరంలో ఉన్నవి అంటుకోలేదు. అంటే కొండ మీద చెట్లన్నీ నరకాల్సిన పని లేదు. ఇల్లు, దాని చుట్టూ 30 మీటర్లు చూసుకుంటే చాలావరకు గట్టెక్కొచ్చు.

అందులోనూ గోడను ఆనుకుని ఉన్న 5 అడుగులు అసలు కీలకం. అక్కడ కట్టెలు, పొదలు, ఎండుగడ్డి ఏవీ ఉండకూడదు. గాలి కంతలకు 3 మిల్లీమీటర్లకు మించని సందులున్న లోహపు జాలీ వేయాలి. చెక్క కంచె ఇంటిని తాకే చోట ఆఖరి ముక్కైనా లోహానిది ఉండాలి, లేదంటే అది వత్తిలా మంటను గోడ దాకా తెస్తుంది. హెలికాప్టర్ నీళ్లు కుమ్మరిస్తుంటే టీవీలన్నీ చూపిస్తాయి. నిచ్చెనెక్కి గట్టర్‌లో ఆకులు తీసేవాణ్ని ఎవరు చూపిస్తారు?

కానీ ఇదంతా ఇంటి యజమాని బాధ్యతేనని వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. నిచ్చెన ఎక్కలేని వృద్ధులుంటారు. అద్దెకుండేవాళ్లకు పైకప్పు మార్చే హక్కు లేదు. మార్చాలంటే ఖర్చూ తక్కువ కాదు. పైగా ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్న వీధిలో నేనెంత జాగ్రత్త పడినా, పక్కిల్లు అంటుకుంటే నా గోడా నిలవదు. అందుకే ప్రభుత్వ సాయాన్ని ఊరంతా తలా కాస్త పంచే బదులు, ఒక్కో వీధినీ తీసుకుని పూర్తిగా బాగుచేయడం మేలు.

ఇంత చేసినా ఇంట్లోనే ఉండిపోవచ్చని కాదు. 2009 ఫిబ్రవరి 7న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో కార్చిచ్చులకు 173 మంది బలయ్యారు. వాళ్లలో 113 మంది ఇళ్లలోనే పోయారు. 2023లో హవాయిలోని లహైనా పట్టణాన్ని కార్చిచ్చు చుట్టుముట్టినప్పుడు సైరన్లు ఉన్నా మోగించలేదు. కాబట్టి హెచ్చరిక వచ్చాక చూద్దాంలే అనుకోకూడదు. కారు లేని పొరుగువాళ్లను ఎవరు ఎక్కించుకోవాలో ముందే మాట్లాడుకోవాలి.

చిన్న చిన్నవి కూడా ప్రాణాల మీదకు తెస్తాయి. కరెంటు పోతే మోటారు గ్యారేజీ తలుపు తెరుచుకోదు. కాలిఫోర్నియాలో 2017 కార్చిచ్చుల్లో కొందరు అలా చిక్కుకుపోయాక, 2019 జులై నుంచి కొత్త తలుపులకు బ్యాటరీ తప్పనిసరి చేశారు. పాతవాటికి మోటారు దగ్గర చేత్తో లాగే తాడొకటి వేలాడుతుంటుంది. చాలా ఇళ్లలో దాన్ని ఒక్కసారి కూడా లాగి చూసి ఉండరు.