రాత్రంతా గుర్రుపెట్టిన జీపు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి కుళాయికి నీళ్లు తెల్లవారుజామున అయిదింటికి వచ్చి ఆరింటికి ఆగిపోతాయి. ఆ గంటసేపటి నీళ్ల కోసం మా వీధి ఎంత నిష్ఠగా మేలుకుంటుందో, ఎవరైనా కుళాయికి దొంగచాటుగా మోటారు తగిలించారేమోనని ఎంతగా చెవులు రిక్కించుకుని పడుకుంటుందో తెలిసి కూడా, రాత్రంతా మోటారు చప్పుడు చేసే వస్తువును నా చేతులతో నేనే జీపుకు బిగించాను.

నా పాత డీజిల్ జీపు వెనక ఇరుసులో, రెండు వెనక చక్రాలనూ ఒకటిగా తిరిగేలా కట్టేసే, గాలితో పనిచేసే డిఫరెన్షియల్ లాకర్ నేను కొనేనాటికే ఉంది. దానికి గాలి పంపే కంప్రెసరును మాత్రం పాత యజమాని విప్పుకుని పోయాడు. గాలి లేని లాకర్ చమురు లేని కుందితో సమానం. పైగా మా బావమరిది జీడితోట మహేంద్రగిరి వైపు కొండ వారన ఉంది, వానాకాలంలో అక్కడి ఎర్రబురదలో దిగబడని బండి లేదు. అందువల్ల ఒక ఆదివారం, పన్నెండు వోల్టుల పాత కంప్రెసరు ఒకటి సంపాదించి పనిలోకి దిగాను.

మేస్త్రీని పిలవమని మా ఆవిడ చెప్పింది. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే నాలుగు కాళ్ల రిలేకు నాలుగు తీగలు కలపడానికి మేస్త్రీ ఎందుకని నేనన్నాను. నిజానికి ఆ కాళ్ల పక్కన నంబర్లు కూడా ఉంటాయి: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావు తీగ రావాలి, 87 నుంచి కంప్రెసరుకు పోవాలి, 85ను నెగటివ్‌కు కలపాలి, 86కు స్విచ్ నుంచి సన్న తీగ రావాలి. ఇంతవరకూ ఏ తప్పూ చేయలేదని ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పగలను. తప్పంతా ఆ స్విచ్‌కు కరెంటు ఎక్కడి నుంచి ఇచ్చానన్న దగ్గర జరిగింది. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగ నుంచి ఇవ్వాలి. దాని కోసం వెల్లకిలా పడుకుని, తల క్లచ్ పెడల్ కిందికి దూర్చి, నోట్లో టార్చి కరచుకుని డ్యాష్‌బోర్డు అడుగంతా గాలించాను. పావుగంటకు మెడ పట్టేసింది గానీ తీగ దొరకలేదు. లేచి, బ్యాటరీ నుంచే నేరుగా ఇచ్చేశాను. స్విచ్‌లోని ఎర్రదీపం వెలగాలంటే ఇంకొక నెగటివ్ తీగ కావాలి, దాని సంగతి రేపు చూద్దాంలే అనుకున్నాను. టైర్లకు గాలి పట్టుకునే మూతి దగ్గర మరకు గాలి కారకుండా టెఫ్లాన్ టేపు చుట్టాను. దాన్ని మర బిగిసే వైపే చుట్టాలని, ఎదురు చుడితే బిగిస్తున్నకొద్దీ లేచి వస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

సాయంత్రం బావమరిదిని ఎక్కించుకుని మహేంద్రతనయ నది ఇసుకలోకి వెళ్లి, జీపును కావాలనే దించాను. కుడివైపు వెనక చక్రం ఇసుక చిమ్ముతూ గిరగిరా తిరిగింది, ఎడమ చక్రం చోద్యం చూసింది. అప్పుడు కంప్రెసరు స్విచ్ వేశాను. అది గుర్రుమని కాసేపు నడిచి, పీడనం 105 పౌండ్లకు చేరగానే తనంతట తాను ఆగింది. మళ్లీ 85కు పడిపోతే తనంతట తానే నడుస్తుంది. తర్వాత లాకర్ స్విచ్ నొక్కాను. ఇరుసులో ఎక్కడో 'టక్' మంది. రెండు చక్రాలూ ఒక్కసారిగా కదిలి, జీపు గట్టెక్కింది. "బావా, నువ్వు మేస్త్రీ అవ్వాల్సినోడివి" అన్నాడు బావమరిది. ఆ మాట తలకెక్కడం వల్లనే లాకర్ స్విచ్ ఆపి, కంప్రెసరు స్విచ్ ఆపడం మరచిపోయాను. వెలగని దీపం నాకెలాగూ గుర్తు చేయదు.

రాత్రి రెండింటికి మా ఆవిడ లేపింది. వాకిట్లో ఏదో గుర్రుపెడుతోందని చెప్పింది. పక్కింటివారి ఫ్రిజ్ అయి ఉంటుందని చెప్పి అటు తిరిగి పడుకున్నాను. రెండేసి నిమిషాలకు ఒకసారి గుర్రుపెట్టే ఫ్రిజ్ ఏ కంపెనీ చేస్తుందని ఆవిడ అడిగిన ప్రశ్నకు సమాధానం ఇంకా బాకీ ఉంది.

నాలుగున్నరకు తలుపు దబదబా మోగింది. తీస్తే ఎదురింటి మాష్టారు, చేతిలో టార్చితో నిలబడి ఉన్నారు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, నాకూ చెప్పారు. కోపం వస్తే ఒడియాలో మొదలుపెట్టి తెలుగులోకి దిగడం ఆయనకు అలవాటు. "చోరీ కొరుచో?" అని గర్జించి, "కుళాయికి మోటారెట్టేవేటోయ్? రాత్రంతా లాగుతున్నావు!" అన్నారు. లేదని నేను ఒట్టు పెట్టుకుంటూ ఉండగానే జీపు సీటు కింది నుంచి 'గుర్ర్' మంది. టార్చి అటు తిరిగింది. "మోటారు జీపులో దాచేవా?"

అక్కడే స్విచ్ ఆపేసి క్షమాపణ చెబితే సరిపోయేది. నేను డిఫరెన్షియల్ గురించి వివరించడం మొదలుపెట్టాను. "మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కదా మాష్టారూ. కళ్లంలో నూర్చేటప్పుడు రాట దగ్గరి ఎద్దు కాళ్లీడుస్తుంది, చివరి ఎద్దు పరుగెడుతుంది చూడండి, అలాగన్నమాట. చక్రాలకు ఆ వెసులుబాటు ఇచ్చేది డిఫరెన్షియల్. బురదలో ఆ వెసులుబాటే కొంప ముంచుతుంది. పట్టులేని చక్రమే తిరుగుతుంది. గాలి లాకర్ రెండింటినీ జతకట్టేస్తుంది."

మాష్టారు టార్చి ఆర్పారు. పూర్వం క్లాసులో ఆయన కళ్లజోడు తీసేవారు, అదీ ఇదీ ఒకటే. "1900లో మన ఊరికి నౌపడ నుంచి రైలొచ్చింది. రైలు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి. దానికేదీ డిఫరెన్షియల్? మలుపు తిరగట్లేదా?"

నేను నోరు వెళ్లబెట్టాను. చక్రం అంచు ఏటవాలుగా ఉంటుందని, మలుపులో ఇరుసు కొద్దిగా పక్కకు జరిగి, బయటి చక్రం లావు భాగం మీద, లోపలిది సన్న భాగం మీద దొర్లుతాయని ఆయనే చెప్పారు. ఈ పాఠం సాగినంతసేపూ జీపు వెనక బెంచీ విద్యార్థిలా మధ్యమధ్య గుర్రుపెడుతూనే ఉంది. క్రమంగా ఆ గుర్రు నీరసించి, మూలుగై, ఆగిపోయింది. గాలి పోవడం ఆగిందని నేను సంతోషించాను. పోయింది బ్యాటరీ అని ఆయన తేల్చారు.

అప్పటికి మాష్టారికి నా మీద కోపం పోయి, గాలి ఎక్కడ పోతోందన్న జిజ్ఞాస పట్టుకుంది. గడ్డం గీసుకునే బ్రష్షు, సబ్బు నురుగు పట్టుకొచ్చి మరలన్నింటికీ పూశారు. గాలి లేనిదే బుడగ రాదు, బ్యాటరీ లేనిదే గాలి రాదు, ఇంజన్ నడవనిదే బ్యాటరీ ఎక్కదు. కాబట్టి జీపును తొయ్యాలి. బిందెలతో వచ్చినవాళ్లలో నలుగురిని పిలిచి, తానూ భుజం ఆనించారు. వీధి చివర ఇంజన్ అందుకుంది. వెనక్కి తెచ్చి, ఇంజన్ ఆపకుండా చాలాసేపు ఉంచి, కంప్రెసరు నడిపితే, నేను టేపు చుట్టిన మూతి దగ్గరే చింతగింజంత బుడగలు వరసగా లేచాయి. "దొరికింది!" అని మాష్టారు బ్రష్షు పైకెత్తి కేక వేశారు.

సరిగ్గా అప్పుడే వీధి కుళాయి కూడా 'సుయ్' మని గాలి వదిలింది. ఆరయింది. జీపు తోసిన నలుగురి బిందెలూ ఇంట్లో ఆడవాళ్లు వచ్చి నింపుకుపోయారు. మాష్టారి బిందెలు రెండూ కుళాయి పక్కన బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి.

ఆ పూట వాళ్లింటికి మా నూతినీళ్లే వెళ్లాయి. రెండు బిందెలూ నేనే మోశాను.