మాక్రో లెన్సుకు కంటిపొర

కెమెరా సామాను తగ్గించుకోవాలన్న నిర్ణయం నాది కాదు, నా కుడి భుజానిది. నికాన్ 200-500 లెన్సు ఒక్కటే, దాని కింది ట్రైపాడ్ పట్టీతో కలిపి, 2,300 గ్రాములు తూగుతుంది. దానికి డి750 కెమెరా బాడీని తగిలించుకొని మా ఒడిశాలో అస్కా దగ్గరి భేట్‌నై పొలాల్లో కృష్ణజింకల వెంట, చలికాలంలో చిలికా గట్ల మీద వలస పక్షుల వెంట తిరిగినంత కాలం నోరెత్తని భుజం, ఉద్యోగ విరమణ దగ్గరపడేసరికి ఎదురుతిరిగింది. బరువులు మోయవద్దని ఎముకల వైద్యుడు నాకు చెబితే, అలమారలో ఒక అర ఖాళీ కాబోతోందని మా ఆవిడకు వినిపించింది. ఒక చిన్న మిర్రర్‌లెస్ కెమెరా, ఒక లెన్సు, రెండు బ్యాటరీలు ఉంచుకొని తక్కినవన్నీ అమ్మేయాలని మా ఇంట్లో తీర్మానం జరిగింది. ఆ తీర్మానంలో నాకు ఓటు లేదు.

మొదట సాగనంపదగినది 105 మాక్రో లెన్సు అని తేలింది. పురుగులనూ సాలీళ్లనూ నిండుగా తీయాలంటే వాటి ఎత్తుకు దిగి నేల మీద బోర్లా పడుకోవాలి. పడుకోవడంలో నాకు ఇప్పటికీ ఏ ఇబ్బందీ లేదు గానీ, లేవడానికి మాత్రం మరొకరి సాయం కావలసి వస్తోంది.

వాడిన వస్తువులు అమ్ముకొనే ఒక యాప్‌లో ప్రకటన పెట్టడానికి ఆ లెన్సును కిటికీ పక్కన నిలబెట్టి, 50 లెన్సును ఎఫ్/1.8 దగ్గర పూర్తిగా తెరిచి, వెనకనున్నదంతా మెత్తగా మసకబారేలా ఫొటో తీశాను. ఇన్నేళ్లలో నేను తీసిన వస్తువుల ఫొటోలలో అంత మంచిది లేదు. "చిత్రం స్పష్టంగా లేదు, మరొకటి జతచేయండి" అని ఆ యాప్ దానిని తిప్పికొట్టింది. మా ఆవిడ తన ఫోనుతో, భోజనాల బల్ల మీద, ట్యూబులైటు నేరుగా అద్దంలో మెరుస్తుండగా, పక్కనే కూర గిన్నెతో సహా తీసిన ఫొటోను మాత్రం మారుమాట లేకుండా స్వీకరించింది. ఆ కూర గిన్నె కూడా అమ్మకానికి ఉందా అని ఒకరు అడిగారు.

అడిగినవారి సంగతి చెప్పుకుంటే తరగదు. "ఉందా సార్?" అంటారు, ఉందంటే మాయమవుతారు. "లాస్ట్ ఎంత?" అంటారు, మొదటిది ఎంతో చూసుకున్నారా అని అడిగితే నొచ్చుకుంటారు. పాత స్కూటీ ఇస్తాను, పైన కొంత నగదు నాకే ఇవ్వండి అన్న మహానుభావుడు కూడా ఉన్నాడు. తాను సైన్యంలో ఉన్నాననీ, వస్తువును చూడనవసరమే లేదనీ, తాను పంపే క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి పిన్ను కొడితే డబ్బు నా ఖాతాలో పడుతుందనీ మరొకాయన హిందీలో చెప్పాడు. డబ్బు అందుకోవడానికి పిన్ను కొట్టే పని లేదని బ్యాంకులు మొత్తుకుంటూనే ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. అయినా, బేరమాడకుండా 28,000 ఇస్తానన్నది ఆ దొంగ ఒక్కడేనన్న విషయం మాత్రం ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంది.

నిన్న వచ్చిన కుర్రాడు అసలైన కొనుగోలుదారు. సరిహద్దుకు అవతల, ఇచ్ఛాపురం వైపున పెళ్లి ఫొటోలు తీస్తాడట; ఉంగరాలు, మంగళసూత్రం, గోరింటాకు దగ్గరగా తీయడానికి మాక్రో కావాలట. వెంట ఒక స్నేహితుణ్ణి తెచ్చుకున్నాడు. లెన్సును చేతిలోకి తీసుకోగానే చెవి దగ్గర పెట్టుకొని ఊపాడు. లోపల టకటకమంది. చేతి వణుకును సరిదిద్దే అద్దాల గుంపు లోపల కాస్త వదులుగా ఉంటుందనీ, కెమెరాకు తగిలించనప్పుడు ఊపితే ఆ చప్పుడు రావడం లోపం కాదనీ నేను వివరించాను. అతడు తల ఊపి, ఈసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇంగువ వాసనొస్తందేటి సార్?"

రాకేం చేస్తుంది? బరంపురంలో అప్పడాలు మెత్తబడకుండా దాచే డబ్బాను మించిన గాలి చొరని పెట్టె మరొకటి లేదని నమ్మినవాణ్ణి నేను. సముద్రం ఇక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉంది. లెన్సుల చుట్టూ గాలిలో తేమ నలభై, యాభై శాతానికి మించకూడదని పుస్తకాలు చెబుతుంటే, వానాకాలంలో మా గోడలే చెమర్చుతాయి. అందుకే అప్పడాల డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, నీలి గుళికలు గులాబీ రంగుకు తిరిగినప్పుడల్లా పెనం మీద వేయించి మళ్లీ వేస్తూ లెన్సులను కాపాడుకుంటూ వచ్చాను. ఇదంతా చెప్పాక, అయితే ఫంగస్ ఉండే ఉంటుందని అతడు తేల్చాడు. అన్ని జాగ్రత్తలు తీసుకొన్నానంటే భయపడే కారణమేదో ఉండి ఉంటుందన్నది అతని తర్కం.

అక్కడితో పరీక్ష మొదలైంది. ఫ్యాను ఆపించాడు, ఎందుకో తెలియదు. కిటికీ తెరలు వేయించాడు. ఈ లెన్సుకు పాతకాలపు వాటిలాగా అపర్చర్‌ను, అంటే వెలుతురు వచ్చే కంతను, తిప్పి పెంచి తగ్గించుకొనే వలయం ఉండదు. కెమెరా నుంచి విడదీస్తే లోపలి రేకులు మూసుకుపోతాయి, వెనకనున్న చిన్న మీటను గోటితో నెట్టి పట్టుకుంటేనే తెరుచుకొంటాయి. కాబట్టి నేను నా బొటనవేలి గోటితో ఆ మీటను నొక్కి పట్టుకోవాలి, అతడు లెన్సు వెనక నుంచి తన ఫోను టార్చిని వెలిగించి పట్టుకొని, మెడ సాచి ముందు వైపు నుంచి లోపలికి చూడాలి. అమ్మేవాడూ కొనేవాడూ ఒకరి చేతుల సందులో మరొకరు చేతులు దూర్చి, తలలు ఆనించుకొని, చీకటి గదిలో ముక్కుల మీద చెమట కారుతుండగా నిలబడిన ఆ భంగిమ సంగీతం లేకుండా చూడదగినది కాదు.

"ఉంది సార్," అన్నాడు అతడు మెల్లగా.

నేను చూశాను. ఉంది. నట్టనడుమ నుంచి అంచులకు సన్నని గీతలు పాకిన సాలెగూడు, ఎడమవైపు పైకి ఒక పొడవాటి కాలు. నేను ఇన్నేళ్లు ఏ సాలీళ్లను తీశానో అవే లోపలికి దూరి గూడు కట్టుకున్నాయా అనిపించింది.

స్నేహితుడు వెంటనే తన ఫోనులో ఎవరికో వీడియో కాల్ చేశాడు. అవతలి వ్యక్తి లెన్సుల నిపుణుడని చెప్పారు. ఆ నిపుణుడు కదులుతున్న ఆటోలో ఉన్నాడు; ఆయన ముఖమే మాకు చతురస్రాలుగా విడిపోయి కనిపిస్తోంది; ఆయనకు మా చీకటి గదిలోని లెన్సులో వెంట్రుక మందపు గీతలు కనిపించాయి. "ఫంగసే, లోపలిది, తొయ్యద్దు," అని తీర్పు చెప్పాక లైను తెగిపోయింది. ఆ వృత్తిలోకి ఎలా ప్రవేశిస్తారో నాకు ఎవరైనా చెబితే భుజం నొప్పికి సరిపడే ఉద్యోగంగా చేరతాను.

ఈలోగా తెరలు వేసిన గదిని చూసి పక్కింటి మౌసా "కణ హెలా?" అని, ఏమైందని ఒడియాలో అడుగుతూ వచ్చాడు. మా ఆవిడ వచ్చింది. వరుసలో నిలబడి ఒక్కొక్కరుగా లెన్సులోకి చూశారు. నా బొటనవేలు మాత్రం మీట మీదనే ఉండిపోయింది. చూసిన ప్రతివారూ పెదవి విరిచి, కంటి ఆసుపత్రి నుంచి బయటికి వచ్చిన బంధువుల మాదిరిగా, నా వంక జాలిగా చూస్తూ పక్కకు తప్పుకున్నారు. అందరి వెనక మా అమ్మ వచ్చింది. ఆమె రెండు కళ్లకూ శుక్లాలు తీసి లెన్సులు వేశారు. లెన్సుల విషయంలో ఈ ఇంట్లో స్వానుభవం ఉన్నది తనకేనని ఆమె నమ్మకం.

"పొరేరా. తీసేస్తే పోద్ది. నాకు అరగంటలో తీసేసినారు," అంది.

అప్పుడు ఏమైందో, నేను ఉపన్యాసం ప్రారంభించాను. ఎవరూ అడగలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉండిపోయిందనీ, ఆ తడి గాలిలోనే బీజం పడి ఉంటుందనీ అన్నాను. ఫంగస్ దారాలు అద్దం మీది పూతను పట్టుకొని పెరుగుతాయనీ, అవి వదిలే ఆమ్లం పూతను తినేస్తుందనీ, ముదిరితే తుడిచినా మచ్చ మిగులుతుందనీ, లోపలి అద్దాలకు పడితే లెన్సు మొత్తం విప్పవలసి ఉంటుందనీ, విప్పినవాడు మళ్లీ సరిగ్గా బిగిస్తాడన్న నమ్మకం లేదనీ ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ వెళ్లాను. చెప్పిన ప్రతి వాక్యానికీ ఆ కుర్రాడు శ్రద్ధగా తల ఊపుతూ వెయ్యి చొప్పున తగ్గించుకుంటూ వచ్చాడు. నా విషయ పరిజ్ఞానం ముగిసేసరికి ధర 17,500 దగ్గర ఆగింది. ఇంకో రెండు వ్యాసాలు చదివి ఉంటే ఉచితంగా ఇచ్చేవాణ్ణేమో.

బేరం ఖాయం చేసుకునే ముందు అతడు చివరిసారిగా టార్చి వేసి, ఆ గూడు ఎంత లోతున ఉందో చూద్దామని లెన్సును మెల్లగా గుండ్రంగా తిప్పాడు. నా గోరు మీటతో పాటు తిరిగింది. మా అమ్మ ఇంకా వంగి చూస్తూనే ఉంది.

"నువ్వు గొట్టం తిప్పుతున్నావు గానీ బాబూ, బూజు తిరగట్లేదేటి?"

మౌసా నవ్వాడు. స్నేహితుడు నవ్వాడు. "అత్తయ్యా, చుక్కల మందు వేళయింది, లోపలికి రండి," అని మా ఆవిడ ఆమెను చెయ్యి పట్టుకొని తీసుకువెళ్లింది. డబ్బు ఫోనులో పడింది. లెన్సుతో పాటు హుడ్‌నూ ఫిల్టర్‌నూ కూడా ఇమ్మన్నాడు, ఇచ్చాను. తేమకు మంచిదని నేనే చెప్పాను కాబట్టి అప్పడాల డబ్బా కూడా అడిగాడు. అది ఇచ్చినందుకు మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. పది వేలకు పైగా పోయినందుకు మాత్రం ఏమీ అనలేదు.

రాత్రి అతని నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. నిలువుటద్దం ముందు నిలబడి, మెడలో వేలాడే కెమెరాకు నా లెన్సును తగిలించుకొని, ఫోనుతో తనను తాను తీసుకున్నాడు. ఫొటో ఎవరిదైనా పెద్దది చేసి అంచులు చూడటం నాకు పాత అలవాటు. అద్దంలో అతని ఫోను వెనక భాగం కనిపిస్తోంది. కెమెరా కళ్లనూ టార్చినీ కలిపి కప్పి ఉంచే రక్షణ గాజు పగిలి ఉంది. నట్టనడుమ నుంచి అంచులకు పాకిన సన్నని గీతలు. అద్దంలో కాబట్టి ఆ పొడవాటి కాలు ఇందులో కుడివైపుకు ఉంది, అంతే తేడా.

లెన్సు వెనక, కెమెరాలో సెన్సార్ ఉండవలసిన చోటుకు దగ్గరగా ఏ వస్తువును పట్టుకున్నా, ముందు నుంచి చూసేవారి కంటికి అది పెద్దదై కనిపిస్తుంది. లెన్సు భూతద్దంగా పనిచేయడానికి అంతకంటే ఏమీ అక్కర్లేదు. నా 105 తన చివరి రోజున కూడా తన పని తాను చేసింది. పగిలిన గాజును నిండుగా, పదునుగా మా అందరికీ చూపించింది. లోపల గూడు ఉండి ఉంటే, గొట్టంతో పాటు అదీ తిరిగి ఉండేది. ఈ సంగతి ఆ కుర్రాడికి తెలిసే టార్చి పట్టాడా, తెలియకనా అన్నది అతని ముఖాన్ని ఎంత పెద్దది చేసి చూసినా తేలలేదు. మా అమ్మ అప్పటికే నిద్రపోయింది. లేపి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఫొటో కింద అతను రాసినది ఇది: "లెన్సు సూపర్ సార్. ఫొటోల్లో ఫంగస్ అస్సలు తెలవట్లేదు. మీ 200-500 లాస్ట్ ఎంత? ఆదివారం వస్తాను. టార్చి నేనే తెస్తాను."