పీర్ రివ్యూ దొరవారికి 47వ నంబరు రాయునది

మహారాజశ్రీ పీర్ రివ్యూ దొరవారి సముఖమునకు కర్నూలు నుంచి 47వ నంబరు నమస్కరించి రాయునది ఏమనగా,

ఇచ్చట మేము క్షేమం. అంటే, ఈ పొద్దు పరగడుపున షుగరు 186, కుడికాలి బొటనవేలు ఇంకా ఉంది. అచ్చట తమరు క్షేమమని తలుస్తాను. డాక్టర్లు రాసిన పరిశోధన పేపరు పత్రికలో అచ్చయ్యే ముందు దాన్ని పరీక్షించి పాస్ చేసేది తమరేనని విని ఈ ఉత్తరం.

నాకు సొంత పేరొకటి ఉంది గానీ దాంతో చెబితే తమరు గుర్తుపట్టరు. ఆర్టీసీలో 29 ఏండ్లు కండక్టరుగా చేసి రిటైరైనాను. షుగరుకు మాత్రం రిటైర్మెంటు లేదు. రెండేండ్ల కింద మా ఊళ్ళోనే ఒక ఆసుపత్రిలో షుగరు కాళ్ళ మీద పరిశోధన అంటే పోయి పేరిచ్చినాను. పేరిస్తే నంబరిచ్చినారు. తొమ్మిది పేజీల కాగితం చేతిలో పెట్టి చివర సంతకం చేయమన్నారు. "పై విషయములన్నియు నాకు అర్థమైనవి" అని ఉంది అక్కడ. పై విషయాలు చూద్దామని జేబులోంచి కండ్లద్దాలు తీసేలోపే ఆ పాప పెన్ను మూత తీసి పట్టుకుంది. నా వెనక ఇంకా ముప్పై మంది. చేసినాను.

నా సంతకం నేనే చేసుకున్నందుకు సంతోషపడాలేమో. 2009లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే, ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేండ్ల ఆడపిల్లలకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సరు రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేసి చూసే ప్రాజెక్టు నడిచింది. 2010 ఏప్రిల్‌లో ఆపేసినారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన రిపోర్టులో ఒక లెక్క ఉంది. మన రాష్ట్రానివి 9,543 ఒప్పుకోలు ఫారాలు చూస్తే 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టలు వార్డెన్ల సంతకాలు. సూది పిల్లకు, అర్థమైంది వార్డెనుకు! ఆ ప్రాజెక్టు కాగితాలు ఎవరో పెద్దలు చూసి పాస్ చేసినవే గదా. ముందుగా ఒక్క గూడెం తల్లికి చదివి వినిపించి ఉంటే "బిడ్డ నాది, సంతకం ఆయప్ప చేసేదేంది?" అని అడిగి ఉండేది. రివ్యూ అంటే నాకు తెలిసింది అదే.

సరే, నా కాళ్ళ దగ్గరికొస్తాను. కాలికి స్పర్శ ఉందో లేదో చూసే నైలాను దారం పరీక్ష చేసినారు. పది గ్రాముల ఒత్తిడికి వంగే దారం అది. కండ్లు మూసుకోమని, అరికాలికి ఆనిస్తూ "తెలుస్తోందా అంకుల్?" అని అడుగుతుంటే అన్నిచోట్లా తెలుస్తోందన్నాను. మధ్యలో ఒకసారి దారం ఆనించకుండా కూడా అడిగి చూడాలట. మా చిన్నమ్మాయి ఫార్మసీ కాలేజీలో చెబుతుంది, ఆమే చెప్పింది ఈ మాట. ఆ పాప అడగలేదు. తప్పు పట్టను, ముప్పై మంది ఉన్నారని చెప్పినాను గదా. పోయినేడు తమరు పాస్ చేసిన పేపర్లో నా కాలు బాగానే ఉంది.

తర్వాత ప్రశ్నల కాగితం. ఎస్ఎఫ్-36 అని దాని పేరు, మనిషి ఆరోగ్యం ఎట్లుందో అడిగి తెలుసుకోను ప్రపంచమంతా వాడతారట. ఓ మోస్తరు పనులు చేసుకోగలరా అని అడుగుతూ ఉదాహరణలిచ్చినారు. ఇంగ్లీషులో ఉన్నవి ఉన్నట్టే దించినట్టున్నారు: బల్ల జరపడం, వాక్యూమ్ క్లీనర్ తోయడం, బౌలింగ్, గోల్ఫ్. బౌలింగ్ అంటే క్రికెట్ అనుకొని, కుంబ్లే అంత కాకపోయినా వేస్తానన్నాను. నా పక్కన 31వ నంబరు పెద్దామె కూర్చొని ఉంది. "గోల్ఫ్ అంటే ఏంది నాయనా?" అనింది. కట్టెతో బంతిని దూరంగా కొట్టడమని చెప్పినారు. "బిళ్ళంగోడు మాదిరా? మా మనవడు ఆడతాడు" అనింది. ఆమె కాగితంలో ఏ గడికి టిక్కు పడిందో దేవునికెరుక. వంగి పత్తి తీయగలవా, బిందె ఎత్తగలవా అని అడిగి ఉంటే ఆమె గంటసేపు చెప్పేది.

ఇంక చెప్పులు. దొరా, ఇది కొంచెం నిదానంగా చదవండి. మాకందరికీ పుండ్లు పడకుండా ఎమ్సీఆర్ అనే మెత్త రబ్బరు చెప్పులిచ్చినారు. మెత్తటి అడుగు, వెనక పట్టీ. ఇంటా బయటా విడవకుండా ఆరు నెలలు తొడుక్కోమన్నారు. మా ఇంట్లో వంటింట్లోనే దేవుని గూడు. చెప్పులతో లోపలికొస్తే షుగరు కంటే ముందు మా ఆవిడే నా కాళ్ళు విరగ్గొడుతుంది. 31వ నంబరుది కోసిగి దిక్కు పల్లె, నల్లరేగడి చేను. వాన పడినాక ఆ మన్నులో చెప్పుతో నడిస్తే అడుగుకు అరకిలో అంటుకుంటుంది. కాలు ముందుకొస్తుంది, చెప్పు అక్కడే ఉండిపోతుంది. దానికి తోడు ఆ మాదిరి చెప్పులు కుష్టు వచ్చినవాళ్ళకిస్తారని ఊళ్ళో ఒక గుర్తు. మనవరాలికి సంబంధాలు చూస్తున్నారు. వచ్చినవాళ్ళకు గడప ముందర అవి కనబడితే ఎట్లా? పెద్దామె వాటిని గోనెసంచిలో చుట్టి అటకెక్కించింది.

పేపర్లో దీన్నంతా ఒక్క ముక్కలో తేల్చినారు. "అవగాహన లేనందున పాదరక్షల వాడకం తక్కువగా ఉన్నది. రోగులకు కౌన్సెలింగ్ అవసరం." మా అమ్మాయి ఫోన్లో చదివి వినిపిస్తుంటే, కౌన్సెలింగ్ ఎవరికి అవసరమో అని మా ఆవిడ వంటింట్లోంచే అనింది.

ఇద్దరు రివ్యూవర్లు చూసి సరే అన్నారంట. వాళ్ళ పేర్లు ఎవరికీ చెప్పరట. పేరు లేకుండా రాసేదాన్ని మా దిక్కు ఆకాశరామన్న ఉత్తరం అంటారు. తమ దగ్గర దానికి ఇంత మర్యాద ఉందని తెలిస్తే మా డిపోలో చాలామంది ప్రొఫెసర్లయ్యేవాళ్ళు.

చెకింగంటే నాకు బాగా తెలుసు. వెల్దుర్తి దాటినాక రోడ్డు మీద చెయ్యెత్తి బస్సు ఆపుతారు. ఎక్కినాక నా మొహమైనా చూడరు. నేరుగా చివరి సీటు అవ్వ దగ్గరికి పోయి "ఎక్కడెక్కినావు, ఎంతిచ్చినావు, టికెట్టేదీ?" అంటారు. ఆ తర్వాతే నా మిషను, నా సంచి. నేనెంత చక్కగా లెక్క రాసినా అసలు లెక్క అవ్వ కొంగుముడిలో ఉంటుందని వాళ్ళకు తెలుసు. తమ చెకింగులో ఒక కండక్టరు లెక్కను ఇంకో ఇద్దరు కండక్టర్లు చూసి, బస్సు బ్రహ్మాండంగా నడిచిందని రాసిస్తారు. పీర్ అంటే సాటివాడని అర్థమట. పుండు కాలికి సాటి ఎవరు సామీ, పుండున్న ఇంకో కాలు గాక?

ఇది నేను కనిపెట్టిన వింతేం కాదు. లండన్‌లో బీఎంజే అనే పెద్ద వైద్య పత్రిక 2014 నుంచి డాక్టర్లతో పాటు రోగుల చేత కూడా పేపర్లు రివ్యూ చేయిస్తోంది. అంతకుముందే 2002లో, కీళ్ళవాతంలో ఏమేం కొలవాలో తేల్చే ఒమెరాక్ట్ అనే సమావేశానికి రోగులను పిలిచినారు. అప్పటిదాకా డాక్టర్లు వాపులూ నొప్పులూ లెక్కపెట్టుకుంటూ ఉన్నారు. వచ్చినవాళ్ళు అవి సరేగానీ, మమ్మల్ని చంపేది నిస్సత్తువ అన్నారు. తర్వాత అది కూడా కొలిచే జాబితాకెక్కింది. ఎన్ని డిగ్రీలున్నా తట్టని మాట, ఒళ్ళు నొచ్చినవాడికి తట్టింది.

మన దగ్గరా 2019 రూల్సు ప్రకారం, పరిశోధన న్యాయంగా ఉందా అని చూసే ఎథిక్స్ కమిటీలో ఒక సామాన్యుడు ఉండి తీరాలి. కుర్చీ ఉంది, కాదనను. ఆ కూర్చున్నాయనకు షుగరుండాలని రూలు లేదు, అటక మీద చెప్పులున్నాయని ఆయనకు తెలిసే దారీ లేదు.

మాకు లెక్కలు రావంటారు. నిజమే, పీ వాల్యూ అంటే ఏందో నాకు తెలీదు. దానికి తమరున్నారు. ఆ లెక్కలోకి వచ్చిన అంకె నిజమా కాదా చెప్పడానికి అవ్వనొకదాన్ని పిలవమంటున్నాను. టీ ఇస్తే చాలు, చక్కెర వద్దు.

ఇంకొక్క మనవి. పేపర్లో ఎనిమిది మంది "లాస్ట్ టు ఫాలో-అప్" అని ఉంది. అందులో 31వ నంబరొకటి. ఆమె తప్పిపోలేదు దొరా. ఆసుపత్రివాళ్ళు మూడో విజిట్ పెట్టింది జనవరి నెలాఖరున. కోసిగి దిక్కు సగం పల్లెలకు అప్పుడు తాళాలుంటాయి, గుంటూరు మిరప కోతకు సుగ్గికి పోతారు. ఉగాదికి తిరిగొస్తారు. ఫోను నంబరు నా దగ్గరుంది. అడిగినవాళ్ళు లేరు.

ఇట్లు
తమ విధేయుడు
47

తా.క. ఆ పొద్దు బొటనవేలి కింద, చిటికెన వేలి కింద దారం తెలియలేదు. తెలియదంటే వేలు తీసేస్తారేమోనని తెలుస్తోందన్నాను. ఆ రెండు గడులు దిద్దుకోగలరు.